ఫిర్యాదుకు కులం వెతికే సమాజం

2018 నవంబరులో గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి శ్రీపాదను చెన్నైలోని దక్షిణ భారత డబ్బింగ్ కళాకారుల సంఘం తన సభ్యత్వ జాబితా నుంచి తొలగించింది. రెండేళ్లుగా చందా బకాయి ఉందన్నది సంఘం చూపిన కారణం. తనది జీవితకాల సభ్యత్వమని ఆమె జవాబు. 'ఏ మాయ చేసావె'లో జెస్సీ గొంతుగా తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితురాలైన చిన్మయి, ఆ సభ్యత్వం పోవడానికి నెలన్నర ముందే విడుదలైన '96'లో త్రిషకు గొంతు అరువిచ్చి తమిళనాట ప్రశంసలు అందుకుంటున్నారు. గిరాకీ పెరగవలసిన సమయంలో ఆమెకు పని ఆగిపోయింది. ఆ నెలన్నరలో ఆమె చేసింది ఒక్కటే. సుప్రసిద్ధ గీత రచయిత వైరముత్తు తనతో అసభ్యంగా ప్రవర్తించారని పేరు పెట్టి చెప్పారు. ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న నటుడు రాధారవి మీద ఇతర స్త్రీలు చేసిన ఆరోపణలకూ మద్దతు పలికారు.

వైరముత్తు ఆ ఆరోపణలను ఖండించారు. చట్టపరంగా ఎదుర్కొంటానన్నారు. రాధారవి కూడా తన మీద వచ్చినవాటిని కాదన్నారు. ఏ న్యాయస్థానమూ వాటిని నిగ్గుతేల్చలేదు కనుక ఇక్కడ ఎవరినీ దోషిగా నిర్ణయించే ప్రయత్నం లేదు. పరిశీలించవలసినది మరొకటి ఉంది. ఒక స్త్రీ తనకు ఇలా జరిగిందని చెప్పినప్పుడు సమాజం ఆమెను ఏం అడిగింది? ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు, మరెవరికైనా ఇలాగే జరిగిందా అని అడిగినవారు తక్కువ. ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావు, నీ పెళ్లికి ఆయనను ఎందుకు పిలిచావు, ఆయన కాళ్లకు ఎందుకు దండం పెట్టావు అని అడిగినవారు ఎక్కువ. వీటన్నిటికీ మించి బలంగా వినిపించిన ప్రశ్న, నీది ఏ కులం?

కుల ప్రశ్నను నిత్యం చర్చించే మనబోటివారు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. ఎందుకంటే ఆ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు. వైరముత్తు బ్రాహ్మణేతర రైతు కుటుంబం నుంచి వచ్చి, ఏడుసార్లు జాతీయ పురస్కారం అందుకున్న కవి. ద్రావిడ రాజకీయాలకు సన్నిహితుడు. అదే ఏడాది జనవరిలో ఆండాళ్ గురించి చేసిన ఒక ప్రసంగం మీద హిందుత్వ శక్తులు ఆయనపై విరుచుకుపడ్డాయి. అక్టోబరులో ఒక బ్రాహ్మణ స్త్రీ ఆయనపై ఆరోపణ చేయగానే, జనవరి దాడికి ఇది కొనసాగింపన్న వాదన తమిళనాట సులభంగా అల్లుకుంది. చిన్మయి గతం కూడా ఆ వాదనకు ఊతమిచ్చింది. రిజర్వేషన్లపైనా, తమిళ జాలర్లపైనా ఆమె చేసినట్టు చెప్పే వ్యాఖ్యల మీద 2012లోనే పెద్ద వివాదం నడిచింది. ఒక ద్రావిడవాదికీ, ఒక అంబేడ్కరైటుకూ ఆమె రాజకీయాల పట్ల అనుమానం ఉండటం సహజం. ఆ అనుమానాన్ని దాచుకోనక్కర లేదు కూడా.

అయితే ఆ అనుమానం ఏ ప్రశ్నకు జవాబు? రిజర్వేషన్ల మీద ఒకరి అభిప్రాయం తప్పయితే ఆ అభిప్రాయాన్ని ఖండించవచ్చు, ఖండించాలి కూడా. ఆ తప్పు వల్ల ఆమె ఒంటి మీద మరొకరికి హక్కు పుట్టదు. ఆరోపణ చేసినవారిలో చిన్మయి ఒక్కరే లేరు. మరికొందరు స్త్రీలు కూడా మాట్లాడారు, వారిలో కొందరు పేరు సైతం బయటపెట్టుకోలేని స్థితిలో ఉన్నారు. 'బ్రాహ్మణ కుట్ర' అన్న ఒక్క మాటతో ఆ గొంతులన్నీ కొట్టుకుపోయాయి. బ్రాహ్మణాధిపత్యంపై పోరాటంలో పుట్టిన పదును గల మాట, ఒక శక్తిమంతుడైన పురుషుడికి డాలుగా మారింది. ఆ మాటకు అంతకన్నా పెద్ద అవమానం లేదు.

ఈ తర్కాన్ని తలకిందులు చేసి చూస్తే దాని అసలు స్వభావం తెలుస్తుంది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో కుమ్మరి కులానికి చెందిన భంవరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో గ్రామస్థాయి కార్యకర్త. పలుకుబడి గల ఒక గుజ్జర్ కుటుంబంలో బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగిందన్నది ఆమె ఫిర్యాదు. 1995లో జైపూర్ సెషన్స్ కోర్టు నిందితులపై అత్యాచార అభియోగాన్ని కొట్టివేసింది. పై కులాల పురుషులు కింది కులపు స్త్రీని తాకరన్న తర్కం ఆ తీర్పులో చోటు చేసుకుని దేశమంతటా నిరసనకు కారణమైంది. అప్పీలు హైకోర్టులో ఏళ్ల తరబడి మూలుగుతూ ఉండగానే నిందితుల్లో కొందరు మరణించారు. పని ప్రదేశంలో స్త్రీల రక్షణకు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలకూ, 2013 నాటి చట్టానికీ మూలం ఆమె పోరాటమే. నగరాల కార్యాలయాల్లో చదువుకున్న స్త్రీలు ఈనాడు ఆసరాగా చేసుకుంటున్న చట్టం ఒక కుమ్మరి స్త్రీ కన్నీటి నుంచి పుట్టింది. ఆమెకు మాత్రం న్యాయం దక్కలేదు.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిర్యాదు చేసినది కింది కులపు స్త్రీ అయితే, 'నీలాంటిదాన్ని వాళ్లు తాకుతారా' అన్నారు. పై కులపు స్త్రీ అయితే, 'నీ కులం కుట్ర ఇది' అన్నారు. చెప్పిన కారణాలు పరస్పర విరుద్ధం. చేరిన ముగింపు మాత్రం ఒకటే, ఆమె మాట వినక్కర లేదు. కాబట్టి ఈ ఎదురుదాడిలో కులం ఒక విశ్లేషణగా పనిచేయడం లేదు, సాకుగా పనిచేస్తోంది. విశ్లేషణ అయితే ఆ స్త్రీకి ఏం జరిగిందో, ఆమెను ఏ అధికారం మౌనంగా ఉంచిందో అర్థం చేసుకోవడానికి తోడ్పడాలి. విచారణ మొదలు కాకముందే దాన్ని మూసివేయడానికి వాడే కులం, మనువు చేతిలో ఉన్నా మనువును తిట్టేవారి చేతిలో ఉన్నా ఒకే పని చేస్తుంది.

2023లో ఢిల్లీ వీధుల్లో ఇదే కథ మరో రూపంలో సాగింది. రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సాక్షి మలిక్, ప్రపంచ స్థాయి పతకాలు తెచ్చిన వినేశ్ ఫోగట్, మరికొందరు మల్లయోధులు జనవరిలో జంతర్ మంతర్ వద్ద కూర్చున్నారు. జాతీయ కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు, అధికార పక్ష పార్లమెంటు సభ్యుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మహిళా క్రీడాకారులను లైంగికంగా వేధించారని వారి ఆరోపణ. ఆయన దాన్ని తోసిపుచ్చారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తలుపు తట్టిన తర్వాతే పోలీసులు కేసు నమోదు చేశారు. మే 28న, కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమవుతున్న గంటల్లో, దేశానికి పతకాలు తెచ్చిన స్త్రీలను పోలీసులు రోడ్డు మీద ఈడ్చి వ్యానులెక్కించారు. ఆ వ్యానులో వారు నవ్వుతూ కూర్చున్నట్టు మార్చిన ఒక కృత్రిమ చిత్రాన్ని అదే రోజు దేశమంతా తిప్పారు. బాధితురాలు ఎప్పుడూ ఏడుస్తూనే ఉండాలి, నవ్వితే అబద్ధమాడుతున్నట్టే అన్న పాత నమ్మకానికి కొత్త సాంకేతికత తోడైంది.

ఇక్కడా ఆరోపణ నుంచి చర్చ కులానికి మళ్లింది. ఇది హర్యానా జాట్ల ఆందోళన అన్నారు, రాజపుత్ర నేతపై కక్ష అన్నారు, ప్రతిపక్షం ఆడిస్తున్న ఆట అన్నారు. ఖాప్ పంచాయతీలు మద్దతుగా రావడంతో ఆ ముద్ర మరింత గట్టిపడింది. చివరికి 2023 డిసెంబరులో బ్రిజ్ భూషణ్‌కు సన్నిహితుడైన వ్యక్తే సమాఖ్య అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ రోజే సాక్షి మలిక్ తన బూట్లను విలేకరుల ముందు బల్ల మీద పెట్టి కుస్తీకి వీడ్కోలు చెప్పారు. మైనర్ క్రీడాకారిణి కేసు ఆ తర్వాత మూతపడింది. మిగిలినవారి ఫిర్యాదులపై 2024 మే నెలలో కోర్టు అభియోగాలు ఖరారు చేసింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో అదే నియోజకవర్గం నుంచి ఆయన కుమారుడు గెలిచారు. ఫిర్యాదు చేసినవారిలో ఒకరు ఆటనే వదులుకోగా, ఫిర్యాదును ఎదుర్కొన్న కుటుంబం పదవిని నిలబెట్టుకుంది. ఎదురుదాడి ఎవరికి ఎంత ఖర్చవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఇక్కడ దళిత పక్షం నుంచి ఒక న్యాయమైన ప్రశ్న లేచింది. దాన్ని దాటవేయకూడదు. 2014 వసంతంలో హర్యానాలోని భగానా గ్రామానికి చెందిన నలుగురు దళిత బాలికల కుటుంబాలు ఇదే జంతర్ మంతర్ వద్ద ఎండలో కూర్చున్నాయి. ఆ బాలికలను అపహరించి అత్యాచారం చేశారన్న ఫిర్యాదులో నిందితులు జాట్ కులస్థులు. ఆ రోజు ఏ ఖాప్ వారి పక్కన నిలబడలేదు, టీవీ కెమెరాలు బారులు తీరలేదు. మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2019 నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే ఒక దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. మూడు రోజుల తర్వాత శంషాబాద్ వద్ద ఒక పశువైద్యురాలిపై అదే ఘోరం జరిగింది. రెండో దుర్ఘటనకు దేశం మొత్తం కొవ్వొత్తులు వెలిగించింది. మొదటిదానికి 'సమత' అన్న పేరు కూడా దళిత, మహిళా సంఘాలు గొంతెత్తిన తర్వాతే అందరి నోటికీ వచ్చింది. ఎవరి బాధ వార్త అవుతుందో నిర్ణయించడంలో కులానికీ, వర్గానికీ ఉన్న పాత్రను ఈ తేడా నిరూపిస్తుంది.

ఇంతకూ 'మీ టూ' అన్న మాటకే ఈ చరిత్ర ఉంది. 2006లో ఆ మాటను ఉద్యమ నినాదంగా మొదలుపెట్టినది తరానా బర్క్ అనే నల్లజాతి స్త్రీ. పేద బస్తీల్లోని నల్లజాతి ఆడపిల్లల కోసం ఆమె దాన్ని వాడారు. పదకొండేళ్ల తర్వాత, 2017 అక్టోబరులో ఒక శ్వేతజాతి నటి ఆ మాటను ట్వీట్ చేసినప్పుడే అది ప్రపంచమంతటా మోగింది. అదే నెలలో రాయా సర్కార్ అనే దళిత న్యాయశాస్త్ర విద్యార్థి, విశ్వవిద్యాలయ అధ్యాపకులపై వచ్చిన ఆరోపణలతో ఒక జాబితా ప్రకటించినప్పుడు, పేరున్న స్త్రీవాదులే దాన్ని ఉపసంహరించాలని కోరారు. సక్రమ పద్ధతిలో ఫిర్యాదు చేయాలని హితవు చెప్పారు. ఏడాది తర్వాత సినిమా, పత్రికా రంగాల్లోని ప్రముఖ స్త్రీలు అదే పని చేసినప్పుడు ఆ హితవు అంత గట్టిగా వినిపించలేదు. చెప్పిన మాట ఒకటే అయినా, ఎవరి నోటి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి దానికి దక్కే గౌరవం మారింది.

కనుక ప్రముఖ స్త్రీల ఉద్యమంపై విమర్శ అవసరమే. విమర్శకూ ఎదురుదాడికీ మధ్య ఉన్న గీతను మాత్రం చెరిపివేయకూడదు. దాన్ని గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఆ మాట అన్నవారు తర్వాత ఏం చేస్తున్నారో చూడాలి. భగానా పేరెత్తి, ఆ కుటుంబాలకూ ఈ మల్లయోధులకూ ఇద్దరికీ న్యాయం కావాలని అడిగితే అది విమర్శ. వినేశ్ నోరు మూయించడానికి మాత్రమే భగానా గుర్తొచ్చి, మర్నాటికి మరపున పడితే అది ఎదురుదాడి. దళిత స్త్రీ బాధను మరొక స్త్రీ మీద విసరడానికి రాయిగా వాడుకునేవారికి ఆ బాధతో నిజమైన సంబంధం ఉండదు.

తెలుగు నేల మీద జరిగింది కూడా గుర్తు చేసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా కూర్చుని నిరసన తెలిపారు. అవకాశాల పేరుతో స్త్రీలను వాడుకుంటున్నారన్నది ఆమె ఆరోపణ. 'మా' సంఘం మొదట చేసిన పని ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమని, తమ సభ్యులెవరూ ఆమెతో నటించరని ప్రకటించడం. జాతీయ మానవ హక్కుల సంఘం తనంత తానుగా నోటీసులిచ్చిన తర్వాత ఆ నిషేధం తొలగింది. ఆ తర్వాత ఆమె వాడిన భాష, నడిపిన రాజకీయాలు చాలామందికి నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణాలూ ఉన్నాయి. ఆమె మీద చర్చ నడుస్తున్న ఆ వారాల్లోనే జూనియర్ ఆర్టిస్టులు కూడా సమావేశాలకు వచ్చి కోఆర్డినేటర్ల దోపిడీ గురించి, వేధింపుల గురించి చెప్పుకున్నారు. శ్రీరెడ్డి మంచిదా చెడ్డదా అన్న వాదనలో పడి ఆ స్త్రీల మాటలను మనం మరచిపోయాం. రోజు కూలీ లెక్కన గుంపులో నిలబడే స్త్రీలకు ట్విట్టర్ అభిమానులు ఉండరు. పెద్ద కులం అండ, లాయరు ఫీజు ఉండవు. వేలమంది ఎరిగిన ముఖానికే పని పోయిందని చూసినప్పుడు, తమకు ఏమవుతుందో వారికి వేరే చెప్పనక్కర లేదు. ప్రముఖులపై ఎదురుదాడి అసలు ఉద్దేశం ఆ ఒక్కరిని శిక్షించడంతో తీరదు. చూస్తున్న వేలమందికి అది హెచ్చరిక.

తెలుగు సినీ పరిశ్రమలో వేధింపులను పరిశీలించడానికి తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. దాని ఉపసంఘం నివేదిక కూడా ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు, మన నివేదికనూ ప్రచురించాలని సమంత కోరవలసి వచ్చిందంటే అప్పటిదాకా అది బీరువాలోనే ఉందని అర్థం. ఆ హేమ కమిటీ ముగ్గురు సభ్యుల్లో ఒకరు మన తెనాలి ఆడపడుచు, నటి శారద. 2017లో ఒక నటిపై కారులో జరిగిన దాడి తర్వాత అక్కడి స్త్రీలు విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ పేరుతో సంఘటితమై ఆ కమిటీని సాధించారు. 2019 చివర అందిన నివేదిక వెలుగు చూడటానికి నాలుగున్నరేళ్లు పట్టింది. ఈలోగా ఆ స్త్రీలలో పలువురు అవకాశాలు కోల్పోయారు, బూతులు తిన్నారు. అయినా వారు తమ గోడుకే పరిమితం కాలేదు. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు లేని జూనియర్ ఆర్టిస్టుల స్థితి కూడా ఆ నివేదికలో చేరింది. అదే కేరళలో తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్'లో నాయర్ యువతిగా నటించినందుకు పి.కె. రోజీ అనే దళిత స్త్రీని రాళ్లతో తరిమి, ఊరు విడిచేలా చేశారు. ఆ తెర చరిత్ర మొదలైనదే ఒక దళిత నటిపై ఎదురుదాడితో.

ఇక మనలోకి మనం చూసుకోవలసిన మాట. దళిత బహుజన ఉద్యమాల్లో, విద్యార్థి సంఘాల్లో, సాహిత్య వేదికలపై ఒక స్త్రీ 'మనవాడి' మీద ఫిర్యాదు చేస్తే మనం ఏం చేస్తున్నాం? 'ఉద్యమానికి చెడ్డపేరు వస్తుంది', 'శత్రువుకు ఆయుధం అందుతుంది' అని నచ్చజెప్పడం అందరికీ తెలిసిందే. తప్పుడు కేసుల్లో ఇరికించి దళిత పురుషులను జైళ్లకు పంపిన చరిత్ర ఈ దేశానికి ఉంది గనుక ఆ భయం ఉత్తుత్తిది కాదు. ఆ భయానికి విరుగుడు నిష్పాక్షికమైన విచారణే. విచారణ లేని చోట నిర్దోషి కూడా అనుమానం నీడలోనే మిగిలిపోతాడు. మౌనం వల్ల బాగుపడేది నేరం చేసినవాడొక్కడే. పైగా మన ఉద్యమాల్లో ఆ మౌనం భారం మోసేది ఎక్కువగా దళిత, బహుజన స్త్రీలే. అగ్రకుల స్త్రీవాదం తమను విస్మరించిందని, దళిత పురుష నాయకత్వం తమను వెనక్కి నెట్టిందని తెలుగు దళిత స్త్రీలు రెండు వైపులా నిలదీసి మూడు దశాబ్దాలు దాటింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఆ స్వరాలను ఒకచోట చేర్చింది. ఆ ప్రశ్నలో రెండో సగానికి మనం ఇంకా బాకీ ఉన్నాం.

చేయదగిన పనులు కొత్తగా కనిపెట్టనక్కర లేదు. పదిమందికి తక్కువ పనిచేసే చోట్ల, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు, ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ విచారించాలని 2013 చట్టం చెబుతోంది. ఇళ్లలో పనిచేసే స్త్రీకీ, ఇటుక బట్టీలో కూలీకీ దిక్కు అదే. మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా, దాని అధ్యక్షురాలు ఎవరు, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు తీసుకుంది అని సమాచార హక్కు కింద అడిగే పని ఏ విద్యార్థి సంఘమైనా రేపే మొదలుపెట్టవచ్చు. ఫిర్యాదుకు చట్టం పెట్టిన మూడు నెలల గడువు, మరో మూడు నెలల పొడిగింపు ఎవరికి సరిపోతుందో చర్చించాలి. దశాబ్దాల తర్వాతైనా, తాను ఎంచుకున్న వేదిక మీద తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని ప్రియా రమణి కేసులో 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు స్పష్టం చేసింది. మాజీ కేంద్ర మంత్రి వేసిన పరువు నష్టం కేసు ఓడిపోయింది. ప్రతి షూటింగ్ యూనిట్‌లోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2022లో కేరళ హైకోర్టు చెప్పిన మాట తెలుగు సెట్ల మీదా అమలు కావాలి. తెలంగాణ ఉపసంఘం నివేదికను ప్రజల ముందుంచాలి. మన సంఘాలు, వేదికలు కూడా బయటి సభ్యులతో, దళిత స్త్రీల నాయకత్వంలో ఫిర్యాదుల కమిటీలు ఏర్పాటు చేసుకోవాలి.

ఐదేళ్ల తర్వాత, 2023లో 'లియో'లో త్రిషకు తమిళంలో మాట్లాడే అవకాశం చిన్మయికి మళ్లీ వచ్చింది. పేరు, ప్రతిభ, కుటుంబ బలం ఉన్న కళాకారిణికే ఐదేళ్లు పట్టింది. అవేవీ లేని స్త్రీకి ఎన్నేళ్లు పడుతుంది? భంవరీ దేవిని అడిగితే తెలుస్తుంది. ఒక స్త్రీ ఫిర్యాదు విన్నప్పుడు ఆమె కులాన్ని మరచిపొమ్మని ఎవరూ అనడం లేదు. ఆమె మాట వినడానికి ఎంత దూరం నడవాలో తెలుసుకోవడానికే ఆ కులాన్ని గుర్తుంచుకుందాం. వినకుండా తప్పించుకోవడానికి కాదు.